తేనె పోటీలు ఎందుకు ఉండాలంటే

ప్రపంచమంతటా ఉన్న తేనెటీగల పెంపకందారుల సంఘాలకు అపిమోండియా అనే సమాఖ్య ఒకటి ఉంది. అది జరిపే అంతర్జాతీయ మహాసభల్లో మేలైన తేనెకు పతకాలు ఇవ్వడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. 2025లో కోపెన్‌హాగన్‌లో జరిగిన మహాసభలో మాత్రం ఆ పోటీ లేదు. వచ్చే తేనెలో కల్తీ లేదని నిర్ధారించేంత సమగ్రమైన పరీక్షలు జరిపించడం తమకు సాధ్యం కాదని నిర్వాహకులు ముందు సంవత్సరమే ప్రకటించి, తేనెను ప్రదర్శనకు పెట్టవచ్చు గానీ దానికి బహుమతులు ఉండవని తేల్చిచెప్పారు. తేనెటీగల వాళ్ల సభలోనే తేనెకు బహుమతి లేకుండా పోవడం ఎంత పెద్ద విషయమో ఈ పనిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ వార్త వచ్చిన కొత్తలో మా క్లబ్బులోనూ చర్చ లేచింది. నేను ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి తేనెటీగల క్లబ్బులో సభ్యురాలిని. ప్రపంచ సభే చేతులెత్తేసినప్పుడు, ఏటా ఆకురాలే కాలంలో చర్చి హాలులో బల్లలు వేసి సీసాలు పేర్చుకునే మన పోటీకి అర్థమేమిటని కొందరు అడిగారు. అసలే పోటీకి సీసాలు తెచ్చేవాళ్లు తగ్గిపోతున్నారు, నియమావళి చూసి కొత్తవాళ్లు బెదిరిపోతున్నారు, కాబట్టి పోటీ మానేసి తలా ఒక చెంచా రుచి చూసి సంతోషంగా ఇళ్లకు పోదామన్నది వాళ్ల మాట. నేను దానికి ఒప్పుకోలేదు. అపిమోండియా నిర్ణయం దాని మట్టుకు సబబే, కానీ అక్కడ పోటీని అసాధ్యం చేసిన కారణమే ఇక్కడ పోటీని అవసరం చేస్తోందని నా నమ్మకం. అయితే మా నియమాల్లో ఒకటి తేనెకు మేలు చేయడం మానేసి చాలాకాలమైందని కూడా అంతే గట్టిగా అనుకుంటున్నాను.

ఇంగ్లండ్‌లో ఇలాంటి క్లబ్బు లేని జిల్లా దాదాపు ఉండదు. 1874లో ఏర్పడిన బ్రిటిష్ బీకీపర్స్ అసోసియేషన్ గొడుగు కింద ఉన్న సభ్యులు 20,000కు పైమాటే. వీళ్లలో అత్యధికులకు తేనె జీవనోపాధి కాదు. ఇంటి వెనక తోటలో రెండు మూడు పెట్టెలు పెట్టుకున్న రిటైరైన టీచర్లు, నర్సులు, ప్లంబర్లు, మాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. చలికాలంలో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పడం, తేనె తీసే యంత్రాన్ని ఉమ్మడిగా కొని వంతులవారీగా వాడుకోవడం, మే నెలలో ఎవరి చెట్టుకో ఈగల గుంపు వాలితే వెళ్లి పెట్టెలోకి దించుకురావడం క్లబ్బు చేసే పనులు. 1992లో ఈగలను పట్టి పీల్చే వరోవా పురుగు ఇంగ్లండ్‌లో బయటపడ్డప్పుడు దాన్ని గుర్తుపట్టడం, మందు వేయడం వేలమందికి నేర్పినవి ఈ క్లబ్బులే. సంవత్సరం పొడవునా సాగే ఈ పనులన్నిటికీ చివర్లో వచ్చేది తేనె పోటీ.

పోటీని ఎత్తేద్దామనే ముందు, అది ఎందుకు పుట్టిందో ఒకసారి చూడాలి. పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకూ ఇంగ్లండ్ పల్లెల్లో ఈగలను గడ్డితో అల్లిన గంపల్లో పెంచేవారు. తేనెపట్టు గంప లోపలి గోడలకే అతుక్కుని ఉండేది కాబట్టి దాన్ని బయటికి తీసి చూసి మళ్లీ పెట్టే వీలుండేది కాదు. తేనె కావాలంటే చాలామంది చేసిన పని ఒక్కటే: వేసవి చివర్లో బరువెక్కిన గంపను గంధకం పొగ మీద బోర్లించి ఈగలన్నిటినీ చంపి, పట్టును కోసి పిండడం. ఆ పిండుడులో తేనెతోపాటు పుప్పొడి, మైనం, పిల్ల పురుగుల రసం కూడా దిగేవి. గంప తేనె మసకగా, అప్పుడప్పుడూ పుల్లవాసనతో ఉండేదంటే ఆశ్చర్యం లేదు.

1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పెంపకందారు ఒక సంగతి గట్టిగా పట్టుకున్నాడు. ఈగలు తమ రాకపోకలకు సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందును వదిలేస్తాయి, దాన్ని మైనంతోనూ పూడ్చవు, జిగురుతోనూ మూయవు. పెట్టెలో ఈగలు పట్టు కట్టుకునే చట్రాల చుట్టూ సరిగ్గా అంత సందు ఉంచితే ఏ చట్రాన్నైనా తీసి చూసి మళ్లీ పెట్టవచ్చు. 1857లో జర్మనీలో మేరింగ్ అనే ఆయన, ఈగలు పట్టు కట్టుకోవడానికి ఆధారంగా అచ్చు వేసిన మైనపు రేకును తయారుచేశాడు. 1865లో హ్రుష్కా అనే మరో పెంపకందారు పట్టును పాడుచేయకుండా గిరగిరా తిప్పి తేనె రాల్చే యంత్రాన్ని చూపించాడు. ఈ మూడూ కలిసిన తరువాత ఒక్క ఈగను చంపనక్కరలేకుండా తేనె తీయడం కుదిరింది, అదీ పిండిన తేనెకన్నా ఎన్నో రెట్లు శుభ్రంగా.

కానీ గంపలవాళ్లను పెట్టెలవైపు తిప్పడం ఉపన్యాసాలతో అయ్యే పని కాదు. అసోసియేషన్ ఏర్పడిన 1874లోనే లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో తేనె ప్రదర్శన, పోటీ పెట్టారు. పల్లెల్లోని పేద కూలీల రాబడి పెరగడం, ఈగల పట్ల దయ చూపడం ఆ సంఘం మొదటి ఆశయాల్లోనే ఉన్నాయి. వెలుతురు అటునుంచి ఇటు కనిపించే తేనె సీసా ఆ రోజుల్లో ఒక సాక్ష్యం. దాన్ని తీసినవాడు ఈగలను చంపలేదని, పిల్ల పురుగులను పిండలేదని ఆ తేటదనమే చెప్పేది. పోటీలో తేటగా ఉన్న తేనెకు పెద్దపీట వేయడానికి మూలం అది. అలంకారం కోసం పెట్టిన నియమం కాదది, పద్ధతి మార్చడం కోసం పెట్టింది. 1923లో మొదలై ఇప్పటికీ ఏటా సాగుతున్న నేషనల్ హనీ షోలో కూడా ఆ వారసత్వం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు మా బల్ల దగ్గరికి వస్తాను. లేతరంగు, మధ్యరంగు, ముదురురంగు తేటతేనెలకు వేర్వేరు విభాగాలు ఉంటాయి. ఏది ఎందులోకి వస్తుందో రంగు అద్దాలతో పోల్చి నిర్ణయిస్తారు. గడ్డకట్టి పేరుకున్న తేనెకు, హెదర్ అనే పొద పూల తేనెకు, కోసిన పట్టుకు, మైనపు దిమ్మకు, కొవ్వొత్తులకు, తేనెతో పులియబెట్టిన మీడ్ అనే మద్యానికి కూడా విభాగాలున్నాయి. తేటతేనె అయితే సాధారణంగా 454 గ్రాముల సీసాలు రెండు, ఒకదానికొకటి అచ్చం కవలల్లా ఉండాలి. సీసా మీద పెంపకందారు పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. తేనె మాత్రం పెట్టినవాళ్ల సొంత ఈగలదే అయి ఉండాలి. తీర్పు చెప్పడానికి బయటి ఊరినుంచి జడ్జిని పిలుస్తాం. జడ్జి కావాలంటే ముందు తాను పోటీల్లో బహుమతులు గెలిచి, ఇతర జడ్జిల పక్కన సహాయకులుగా పనిచేసి, పరీక్షకు నిలబడాలి.

అలా సహాయకురాలిగా జడ్జి పక్కన నిలబడితే గానీ ఈ పని ఎంత శ్రద్ధగా జరుగుతుందో అర్థం కాదు. తెల్లకోటు వేసుకున్న జడ్జి ముందు సీసాను ముట్టుకోకుండా చూస్తారు. మూతకూ తేనెకూ మధ్య వెలుతురు కనిపించిందంటే సీసా నిండలేదన్నమాట. తరువాత వెనకనుంచి టార్చి వేస్తారు. మామూలు చూపుకు బంగారంలా మెరిసిన తేనెలో ఆ వెలుగు పడగానే ఒక నూలుపోగు, చిన్న మైనపు తునక, సన్నటి బుడగల వరస బయటపడతాయి. సీసాను ఒకవైపు వంచి బుడగ పైకి తేలే వేగాన్ని గమనిస్తారు. బుడగ చురుగ్గా లేస్తే తేనె పల్చన. ఆపైన మూత తీసిన మరుక్షణం ముక్కు దగ్గర పెట్టుకుంటారు, ఎందుకంటే మూత కింద పోగైన సువాసన మొదటి పీల్పులోనే దొరుకుతుంది, రెండోసారికి సగం పోతుంది. మూత లోపలివైపు కూడా తిప్పి చూస్తారు. చిట్టచివరికి గాజు పుల్లతో ఒక బొట్టు నాలుక మీద వేసుకుని, నీళ్లు తాగి, తడిగుడ్డతో పుల్ల తుడుచుకుని, పక్క సీసాకు వెళ్తారు.

మెరుగు పెట్టిన సీసాకే బహుమతి గానీ తేనెకు కాదని మా క్లబ్బులో పోటీని వ్యతిరేకించేవాళ్లు అంటారు. వాళ్లు గమనించనిది ఒకటుంది. ఆ బల్ల మీద పట్టుబడే ప్రతి లోపానికీ వెనక ఒక చోటు, ఒక సమయం ఉన్నాయి. బుడగల వరస కనిపించిందంటే తేనెను పాత్రలో నిలవనివ్వకుండా తొందరపడి సీసాలకు పట్టారు, లేదా సీసాను వంచి అంచు వెంట జారనివ్వకుండా ఎత్తునుంచి పోశారు. నూలుపోగు కనిపించిందంటే వడకట్టిన గుడ్డ సరైనది కాదు. మూత తీయగానే పొగవాసన కొట్టిందంటే తేనె చట్రాలు తీసేటప్పుడు పొగ డబ్బాను అవసరానికి మించి వాడారు, ఈగలను నెమ్మదిగా తప్పించే ఓపిక లేకపోయింది. పుల్లవాసన వచ్చిందంటే ఈగలు గదులకు మైనపు మూత వేయకముందే, అంటే మకరందంలోని నీరు తగినంత ఆరకముందే చట్రం లాగేశారు. ఇంగ్లండ్ 2015 నిబంధనల ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించరాదు, హెదర్ తేనెకు మాత్రం 23 వరకు ఒప్పుకుంటారు. పచ్చితేనె ఆ గీత దాటి పులుస్తుంది. జడ్జి చూస్తున్నది సీసానే అయినా చదువుతున్నది మాత్రం ఆ పెంపకందారు జూలై, ఆగస్టు నెలల్లో ఈగల దగ్గర ఎలా మసలుకున్నాడన్నది.

మా క్లబ్బులో ఉన్న ఒక పెద్దాయన సీసాలో తేనె మీద తేలిన నురగను తీసే తీరు చూసి నేను చాలా నేర్చుకున్నాను. పలచటి ప్లాస్టిక్ పొరను చేతివేళ్లతో తేనె ఉపరితలం మీద అంటించి, మధ్యనుంచి అంచులకు గాలి పోయేలా మెల్లగా ఒత్తి, ఒక్క ఊపులో లాగేస్తారు. నురగంతా పొరతో లేచిపోయి, కింద అద్దంలాంటి తేనె మిగులుతుంది. ఇలా చేయడానికి ముందు ఆయన తేనెను పెద్ద పాత్రలో మూతపెట్టి రోజుల తరబడి కదపకుండా ఉంచుతారు. ఆయనకు బహుమతి వచ్చినప్పుడు నాకు అది మెరుగు పెట్టినందుకు ఇచ్చినట్టు ఎన్నడూ అనిపించలేదు. ఆ చేతులు పెట్టె మూత తెరిచేటప్పుడు కూడా అంతే నిదానంగా కదులుతాయి, ఆయన ఈగలు అంతే ప్రశాంతంగా ఉంటాయి.

అమెరికాలో కొందరు ఈ చిక్కును మరోరకంగా తేల్చారు. నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో జరిగే బ్లాక్ జార్ పోటీలో తేనె రంగు, తేటదనం జడ్జిలకు కనిపించవు, రుచి ఒక్కటే లెక్క. వినడానికి ఇదే న్యాయంగా ఉంది. నాకు మాత్రం ఇది పోటీకన్నా విందుకు దగ్గరగా కనిపిస్తుంది. నిమ్మగడ్డిని తలపించే లిండెన్ చెట్ల పూల తేనె గొప్పదా, కాస్త చేదు కలిసిన హెదర్ తేనె గొప్పదా అనడానికి నాలుక దగ్గర కొలబద్ద ఏదీ లేదు. ఆ ఏడాది ఏ పూలు విరగబూశాయన్నది అదృష్టం. పైగా రుచి పూర్తిగా ఈగలదీ పూలదీ, పెంపకందారు దాన్ని పాడుచేయగలడు గానీ పెంచలేడు. ఎవరు పాడుచేయకుండా అందించారో చూడటమే మనుషులు మనుషుల మధ్య పెట్టుకోగల పోటీ.

ఇక్కడ నాకు మా నియమావళితో ఉన్న గొడవ చెబుతాను. తేటదనానికి 1874లో ఉన్న అర్థం ఇప్పుడు లేదు. ఈ రోజు ఎవరూ గంపలను గంధకం మీద బోర్లించడం లేదు. అయినా క్లబ్బులన్నిటా గౌరవం ఎక్కువ తేటతేనె విభాగాలకే. తేనె స్వభావమేమో పేరుకోవడం. గ్లూకోజ్ పాలు ఎక్కువగా, నీరు తక్కువగా ఉన్న తేనె త్వరగా పలుకులు కడుతుంది. ఆవాల జాతికి చెందిన రేప్ పైరు ఇంగ్లండ్‌లో వసంతంలో చేలకు చేలను పసుపు చేస్తుంది. ఆ తేనెను వెంటనే తీయకపోతే చట్రంలోనే గడ్డకట్టి, యంత్రంలో ఎంత తిప్పినా రాలదు. అక్టోబర్‌లో పూసే ఐవీ అనే తీగ తేనె కూడా అంతే. జూలైలో తీసిన కలగలుపు పూల తేనె సైతం అక్టోబర్ చివర్లో వచ్చే నేషనల్ షో నాటికి మసకబారడం మామూలే.

మసకబారిన తేనెను మళ్లీ తేటగా చేయాలంటే దారి ఒక్కటే, వేడి. పాత ఫ్రిజ్‌లో చిన్న బల్బు పెట్టి తయారుచేసుకున్న వెచ్చని పెట్టెలో, ఈగల పిల్లల గదుల్లో ఉండే 35 డిగ్రీలకు కాస్త పైన, నిదానంగా కరిగించేవాళ్లున్నారు. వాళ్ల తేనెకు పెద్దగా నష్టం లేదు. కానీ సన్నటి పలుకులు పూర్తిగా పోవాలంటే ఆ వేడి చాలదని, 50 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాలని నేర్చుకుని, అక్కడినుంచి ఇంకా పైకి పోయేవాళ్లూ ఉన్నారు. వేడి పెరిగేకొద్దీ, అది ఎక్కువసేపు నిలిచేకొద్దీ తేనెలోని ఎంజైములు చచ్చిపోతాయి, చక్కెరలు విరిగి పుట్టే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, సువాసన ఆవిరైపోతుంది. చట్టం హెచ్‌ఎంఎఫ్‌కు కిలోకు 40 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. మా బల్ల దగ్గర ఆ సంగతి కొలిచే పరికరం లేదు. జడ్జి ముక్కు కొంత పసిగట్టగలదు గానీ, టార్చి వెలుతురు మాత్రం మితిమీరి కాచిన తేనెకే ఎక్కువ మార్కులు వేస్తుంది. ఈగలను చంపే పద్ధతిని మాన్పించడానికి పుట్టిన నియమం తేనెను చంపే పద్ధతిని ప్రోత్సహించడం నాకు మింగుడుపడని విషయం.

నేను కోరేది తేటతేనె విభాగాలను తీసేయమని కాదు. పేరుకున్న తేనెకు అదే స్థాయి గౌరవం, అదే పెద్ద కప్పుకు పోటీపడే హక్కు ఇవ్వాలి. పేరుకున్న తేనెను చక్కగా నిలపడం తక్కువ పనితనమేమీ కాదు. పాలకు తోడు వేసినట్టు, సన్నటి పలుకు కట్టిన పాత తేనెను కొత్త తేనెలో పదోవంతు కలిపి, 14 డిగ్రీల చల్లదనంలో ఉంచితే, నాలుక మీద ఇసుకలా తగలకుండా వెన్నలా కరిగే తేనె తయారవుతుంది. తోడు ముతకదైతే మొత్తం ముతకగా వస్తుంది. సీసా అంచుల్లో తెల్లని మంచుపూత పడకుండా చూడటం ఇంకా కష్టం. ఇన్ని మెళకువలున్న పనిని రెండోరకంగా చూడటం తరతరాల అలవాటు తప్ప మరొకటి కాదు.

తెలుగు పాఠకులకు ఈ పేరుకున్న తేనె సంగతి ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం ఉంది. మన ఇళ్లల్లో సీసా అడుగున తెల్లగా గడ్డకట్టగానే పంచదార పాకం కలిపారని తీర్మానించేస్తాం. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నేను తెచ్చిన సీసాను మా పిన్ని వెలుతురుకు పట్టి చూసి, ‘ఇదేంటే, నువ్వు కూడా పంచదార పాకమేనా పెంచేది?’ అంది. పొద్దుతిరుగుడు తేనె, ఉత్తరాది ఆవ చేల తేనె ఎంత స్వచ్ఛమైనవైనా త్వరగానే పేరుకుంటాయి. ఎన్నాళ్లయినా పేరుకోని తేనె స్వచ్ఛమైనదనడానికీ ఆధారం లేదు. అది పేరుకోని జాతి పూలదైనా కావచ్చు, బాగా కాచిందైనా కావచ్చు, చక్కెర ద్రావణం కలిపిందైనా కావచ్చు. నీళ్లలో బొట్టు వేసి చూడటం, వత్తికి పూసి వెలిగించడం, చీమలు పడతాయో లేదో చూడటం వంటి పరీక్షలు ఈ తేడాలను పట్టలేవు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే, జర్మనీలో జరిపిన ఎన్‌ఎంఆర్ అనే, తేనెలోని అణువుల తీరును అయస్కాంత క్షేత్రంతో చూసే పరీక్షతో సహా అన్నిటిలో నెగ్గినవి మూడే. కంపెనీలు ఆ ఫలితాలను కాదన్నాయి. కానీ ఆ పరిశోధన బయటపెట్టిన అసలు సంగతి, మామూలు పరీక్షలకు దొరక్కుండా ఉండేలాగానే చక్కెర ద్రావణాలు తయారుచేసి అమ్ముతున్నారన్నది. 2023లో యూరోపియన్ యూనియన్ దిగుమతి అయిన 320 నమూనాలను చూస్తే వాటిలో 46 శాతం మీద అనుమానం కలిగింది. అపిమోండియా వెనక్కి తగ్గింది ఈ పరిస్థితిని చూసే.

మరి చిన్న క్లబ్బు పోటీకి ఈ జబ్బు ఎందుకు అంటదు? ఖరీదైన ప్రయోగశాల ఉండి కాదు. ఎవరి పెట్టెలు ఏ పొలం గట్టున ఉన్నాయో, ఆ వసంతంలో వాన ఎన్నాళ్లు పట్టిందో, ఎవరి గుంపు మే నెలలో లేచిపోయిందో మా అందరికీ తెలుసు. ఈగలు బక్కచిక్కినప్పుడు చక్కెర పాకం పెట్టడం తప్పు కాదు, కానీ తేనె చట్రాలు పైన ఉండగా పెడితే ఆ పాకమే తేనెగా దిగుతుంది. అది కూడా పక్కవాళ్ల కంట పడకుండా ఉండదు, ఎందుకంటే మేం ఒకరి ఈగలను ఒకరం చూస్తూనే ఉంటాం. సీసా మీద అంకె మాత్రమే ఉన్నా, ఫలితాలు చెప్పిన తరువాత ఆ అంకె వెనకున్న మనిషి అందరి మధ్యా నిలబడి తన తేనె గురించి మాట్లాడాలి. ప్రపంచ పోటీలో సీసా వెనక మనిషి కనిపించడు, అక్కడ యంత్రమే సాక్ష్యం చెప్పాలి. ఇక్కడ ఊరు చెబుతుంది. అందుకే పోటీని చిన్నచోట కాపాడుకోవాలని వాదిస్తున్నాను.

ఇదే మాట నల్లమలకు ఎలా వర్తిస్తుందన్నది నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న, ఎందుకంటే మా ఊరు ఆ అడవి అంచునే ఉంది. అక్కడ తేనె చెంచుల చేతుల మీదుగా వస్తుంది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ గిరిజనులు తెచ్చే తేనె కొని, శుద్ధిచేసి, పట్టణాల్లో అమ్ముతుంది. కొండచరియలకూ ఎత్తైన కొమ్మలకూ పెద్ద తేనెటీగలు ఒంటి పట్టు కడతాయి, వాటిని పెట్టెలో పెంచడం కుదరదు. ఇంగ్లండ్ నియమావళిని తెచ్చి ఆ తేనె ముందు పెడితే మొదటి గీత దగ్గరే ఓడిపోతుంది, ఎందుకంటే ఆ జాతి తేనెలో నీరు తరచుగా 20 శాతం దాటుతుంది. అది తీసినవాళ్ల తప్పు కాదు, ఆ ఈగ, ఆ గాలిలోని తేమ అలాంటివి. మన ఎండల్లో నిలవ ఉన్న తేనెలో హెచ్‌ఎంఎఫ్ కూడా త్వరగా పెరుగుతుంది. అందుకే చల్లని దేశాల తేనెకు 40 హద్దు పెట్టిన చట్టాలే ఉష్ణదేశాల తేనెకు 80 వరకు ఒప్పుకున్నాయి.

కాబట్టి నల్లమలలో పోటీ పెడితే అది తేటదనానికి పెట్టకూడదు. 1874లో ఇంగ్లండ్ చేసిన పనిని, దాని పైరూపం వదిలేసి, లోపలి ఉద్దేశం వరకే అక్కడ చేయాలి. పెద్ద తేనెటీగ పట్టులో తేనె పైభాగాన ఉబ్బెత్తుగా ఉంటుంది, పిల్లలు కింద ఉంటాయి. పట్టు మొత్తం కోసి పిండితే పిల్లలూ పోతాయి, తేనెలోనూ వాటి రసం, పుప్పొడి కలిసి త్వరగా పులుస్తుంది. పై తేనె భాగం మాత్రమే కోసి, పిండకుండా గుడ్డలో వేలాడదీసి కారనిస్తే ఈగలు మిగిలిన పట్టును నిలుపుకుంటాయి, తేనె శుభ్రంగా దిగుతుంది. ఈ జాగ్రత్త తీసుకునేవాళ్లు చెంచుల్లో ఉన్నారు, వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. కానీ కొనుగోలు కేంద్రంలో జాగ్రత్తగా కోసిన తేనె, పిండిన తేనె కలిసి ఒకే డ్రమ్ములో పడితే ఆ జాగ్రత్తకు పైసా కూడా ఎక్కువ రాదు. ఒక గూడెం తేనెను మరో గూడెం తేనె పక్కన సీసాల్లో పెట్టి, మూత తీసి వాసన చూసి, గాజు పుల్లతో రుచి చూసి, ఇది పిండినది, ఇది కారనిచ్చినది అని నలుగురి ముందూ చెప్పగల జడ్జి ఉంటే ఆ తేడాకు పేరు వస్తుంది, పేరు వెనక ధర వస్తుంది. ఆ జడ్జి లండన్‌నుంచి రానక్కరలేదు. చిన్నప్పటినుంచీ ఆ అడవి తేనె నాలుక మీద వేసుకున్న చెంచు పెద్దలకన్నా దాన్ని బాగా చదవగలవాళ్లు ఇంకెవరుంటారు?

మనదగ్గర పెట్టెల్లో పెంచేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. పొద్దుతిరుగుడు పూసే కాలంలో, నువ్వుల కాలంలో పెట్టెలను చేలవెంట తిప్పుకుంటూ బతికే పెంపకందారులకు క్లబ్బు అంటే తీరిక ఉన్నవాళ్ల వ్యవహారంగా కనిపించవచ్చు. నిజానికి ఏకాంతంగా పనిచేసే వాళ్లకే తమ తేనెను మరొకరి తేనె పక్కన పెట్టి చూసుకునే చోటు ఎక్కువ అవసరం. శిక్షణ శిబిరాల్లో పెట్టె తెరవడం నేర్పుతున్నారు, రాయితీ మీద పెట్టెలు ఇస్తున్నారు, ఇది మంచి పనే. తీసిన తేనెను ఎలా చూడాలో, ఎక్కడ చెడిందో ఎలా పసిగట్టాలో నేర్పే చోటు మాత్రం లేదు. కొనేవాడు చెప్పిన ధరే తీర్పు అవుతోంది.

మా క్లబ్బు కమిటీ ముందు నేను కొన్ని సవరణలు పెట్టాను. పేరుకున్న తేనెను పెద్ద కప్పు పోటీలోకి తీసుకోవాలి. ప్రతి సీసాతోపాటు ఏ నెలలో తీశారో, ఎంత వేడిలో, ఎంతసేపు కరిగించారో రాసిన చీటీ జతచేయాలి. ఆ చీటీ జడ్జి చూడకూడదు, ఫలితాలు వచ్చాక అందరూ చూడాలి. బహుమతి రాని ప్రతి సీసాకూ జడ్జి ఒక్క వాక్యమైనా రాసిపెట్టాలి. ఈ చివరి సవరణే నాకు అన్నిటికన్నా ముఖ్యం. సీసా ఎందుకు ఓడిపోయిందో తెలియక రెండోసారి పోటీకి రాని కొత్తవాళ్లను నేను చూశాను. జడ్జి పని రెట్టింపవుతుందని అభ్యంతరం వచ్చింది, నిజమే, అవుతుంది. అందుకు సహాయకులు ఇద్దరు పక్కన కూర్చుని జడ్జి చెబుతుంటే రాసుకోవచ్చునని, వాళ్లలో ఒకరిగా నేను ఉంటానని చెప్పాను. చీటీ సవరణ ఇంకా తేలలేదు, కరిగించిన వేడిని ఎవరూ నిజం రాయరన్నది దాని మీద వచ్చిన ప్రధాన అభ్యంతరం. ఒకరి పెట్టెలను ఒకరం చూసుకునే మా మధ్య ఆ అనుమానం నిలవదన్నది నా జవాబు. పేరుకున్న తేనె సవరణకు మాత్రం వచ్చే పోటీనుంచే ఒప్పుకున్నారు.